నీటి మీద మనిషి ఉండగా

నాకు కోపం ఎక్కువ. ఇది నేను చెప్పుకునే మాట కాదు, ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నన్ను ఎరిగిన వాళ్ళందరూ చెప్పేదే. అందుకే కాబోలు చివరి నాలుగేళ్ళూ నన్ను కోర్టు డ్యూటీకి వేశారు. సాక్షులకు సమన్లు అందించడం, వాయిదా రోజున వాళ్ళని తీసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టడం, పేరు పిలిచేదాకా కాయడం, ఇదీ పని. అక్కడ కోపం తెచ్చుకోవడానికి మనిషే దొరకడు. నల్లకోట్ల మీద తెచ్చుకోలేం, జడ్జిగారి మీద తెచ్చుకోలేం, ఫ్యాను మీద తెచ్చుకుంటే అదెలాగూ తిరగదు.

నా పేరు గురునాథరావు, హెడ్ కానిస్టేబుల్ని. మాది తగరపువలస దగ్గర పల్లె, వ్యవసాయం వాళ్ళం. మా ఆవిడ రామలక్ష్మి పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. పోలీసు క్వార్టర్సులో ఒంటికాయ శొంఠికొమ్ములా ఉంటాను. పొద్దున్న ఇంత అన్నం వండి, సగం కేరేజీలో పెట్టుకుని, సగం మూతపెట్టి వెళ్ళి, సాయంత్రం వచ్చి ఆ సగం తింటాను. టీవీలో వార్తలు చదివే అమ్మాయితో వాదించుకుంటాను. ఇదంతా నా గోడు వినిపించడానికి కాదు, నూకాలు సంగతి చెప్పాలంటే నా సంగతీ కొంచెం తెలియాలి.

ముందు చట్టం మాట. మీకు తెలియకుండా మీ వస్తువు నేను పట్టుకుపోతే అది దొంగతనం. మీ వస్తువు మీ చేత్తోనే తీసి ఇచ్చేలా నేను మిమ్మల్ని భయపెడితే అది బలవంతపు వసూలు. పాత చట్టంలో దీనికి మూడేళ్ళుండేది, కొత్త చట్టంలో మూడు వందల ఎనిమిదో సెక్షను కింద ఏడేళ్ళ దాకా వెయ్యొచ్చు. ఎన్నేళ్ళయినా అసలు కీలకం భయం దగ్గరుంది. ఇచ్చినవాళ్ళు భయపడి ఇచ్చారని కోర్టులో తేలాలి. భయం లేదంటే నేరం లేదు, అది దానమో మొహమాటమో అయిపోతుంది.

ఉదయ్‌కుమార్‌కి ఈ చట్టం మాకంటే బాగా తెలుసు. చేపలరేవులో వాడికి బోటు లేదు, వల లేదు, గంప లేదు. ఏదో సంఘం పేరు చెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే వచ్చి గోడవార నిలబడేవాడు. ఆ గోడవార పన్నెండు మంది ఆడవాళ్ళు గంపలు పెట్టుకుని చేపలమ్ముతారు. గంపకి రెండు చేపలు, అవీ వాడు ఏరుకున్నవి, వారానికోసారి డబ్బు. జోగమ్మ అని అందరిలోకి పెద్దావిడ, ఇవ్వను పొమ్మంది. మర్నాడు ఆవిడ గంపలో ఎవరో ఫినాయిలు పోశారు. ఎవరో అంటే అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు. అప్పటి నుంచీ పన్నెండు మందీ ఇచ్చారు.

నూకాలు కూడా ఎనిమిది నెలలు ఇచ్చింది. ఒకరోజు పొద్దున్న మాత్రం గంప గోడవారే వదిలేసి, చేపలనీళ్ళ చీరతోనే స్టేషనుకి నడిచొచ్చి, కంప్లయింటు రాసుకోమంది. యాభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. మొగుడు పదేళ్ళ కిందట సముద్రంలో పోయాడు. ఒక్కడే కొడుకు, సింహాద్రి, బోటు మీద వేటకెళతాడు. ఇన్నాళ్ళు ఇచ్చి ఇప్పుడెందుకొచ్చావమ్మా అని ఫిర్యాదులు రాసే రైటరు అడిగితే, వద్దనిపించింది వచ్చాను అందిట. అంతకుమించి పలకలేదు. మా రైటరు గారికి కారణాలతో పనేముంది? ఇలాంటి కేసులన్నిటికీ ఆయన దగ్గర ఒకటే వాక్యం ఉంది. “ప్రాణభయంతో గత్యంతరం లేక ఇచ్చినాను” అని రాసి, వేలిముద్ర వేయించి, చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నదని కింద తగిలించాడు. వినిపించాడో లేదో ఆ భగవంతుడికే తెలియాలి.

ఉదయ్‌కుమార్ ఇరవై రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. వచ్చినరోజు రేవులో లడ్డూలు పంచాడు. నూకాలు తప్ప మిగతా పదకొండు మందీ తీసుకున్నారు. స్టేషనుకొచ్చి స్టేట్‌మెంట్లు ఇచ్చింది ఈ పదకొండు మందే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు.

జనవరిలో కేసు విచారణకొచ్చింది. పన్నెండు మందినీ నేనే తీసుకొచ్చాను. ఒకరి తర్వాత ఒకరు బోనెక్కి, నాకేటీ తెల్దు బాబూ అన్నారు. మా రేవులో కూరచేప అడిగితే ఎవరికీ లేదనం అన్నారు. అది నిజమే. బోటు లాగడానికి చెయ్యేసినవాడికి, పెట్టె మోసినవాడికి, గుడి దగ్గర ముసలివాళ్ళకి కూరకని రెండు చేపలివ్వడం అక్కడి ఆచారం. డిఫెన్సు ప్లీడరు దాన్నే పట్టుకున్నాడు. నా క్లయింటు కూడా ఒక చెయ్యి సాయం పట్టాడు, వీళ్ళు కూరచేప ఇచ్చారు, దీనికి జైలేమిటండీ అన్నాడు. పదకొండో మనిషి జోగమ్మ. ఫినాయిలు సంగతి అడిగితే, మర్సిపోనాను బాబూ అని తలదించుకుంది. నలుగురితో నారాయణా అన్నట్టు అందరూ ఒకటే పాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మిగిలింది నూకాలు. వరండాలో ఆవిడకి నూరిపోశాను. భయపడి ఇచ్చానని చెప్పు, అదొక్క ముక్క చాలు, మిగతాది ప్రాసిక్యూటరమ్మ చూసుకుంటారు అని పదిసార్లు చెప్పి ఉంటాను. ఆవిడ కొంగుకి చిన్న ఫోను కట్టుకునుంది, దాన్నే తడుముకుంటోంది.

ప్రాసిక్యూటరు జ్యోతిర్మయి గారు నెమ్మదైన మనిషి. చేపలు ఇవ్వడం, డబ్బివ్వడం అన్నీ వరసగా అడిగారు. నూకాలు అన్నిటికీ అవునంది. చివరికి, భయపడి ఇచ్చారా అమ్మా అని అడిగారు.

నూకాలు కొంగు ముడిని పిడికిట్లో బిగించింది. తర్వాత తలెత్తి, “నాకు బయమేటి,” అంది.

ప్లీడరు నవ్వాడు. ఉదయ్‌కుమార్ వెనక బెంచీలో కాలు మీద కాలు వేసుకున్నాడు. మేడం ఇంకో రకంగా అడిగారు, ఫిర్యాదులో ప్రాణభయం అని ఉంది కదా అన్నారు. మళ్ళీ అదే జవాబు. నాకు బయమేటి. చెమటలు కారిపోతున్నాయి, బోను కర్ర పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి, నోరు మాత్రం అదే మాట అంటోంది. సాక్షికి ఒంట్లో బాగోలేదని మేడం జడ్జిగారికి విన్నవించుకున్నారు. జడ్జిగారు ఆవిడ వాలకం చూసి, మిగతా విచారణకి వాయిదా ఇచ్చి, ఇదే ఆఖరి అవకాశమని రాశారు.

వరండాలోకి రాగానే నేను అరిచాను. అంత పొగరేమిటన్నాను. భయపడ్డానంటే కిరీటం పడిపోతుందా అన్నాను. నీకోసం ఇంతమందిమి తిరుగుతుంటే నువ్వు అక్కడ నిలబడి వీరనారి వేషం వేస్తావా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆవిడ అంతా విని, “అయితే నానెల్లొచ్చా బాబూ,” అని మెట్లు దిగింది.

గేటు దగ్గర పదకొండు మందీ రెండు ఆటోలు ఎక్కుతున్నారు. రెండోదాంట్లో చోటుంది. నూకాలు ఆ పక్కనుంచే నడిచింది. ఎవరూ పిలవలేదు, ఆవిడా ఆగలేదు. బస్టాపు దాకా ఒక్కతే ఎండలో నడిచి, అక్కడ కూడా నీడలో నలుగురున్నారని కొంచెం అవతలగా ఎండలోనే నిలబడింది. నా కోపం సగం అక్కడే చచ్చింది. కానీ వెళ్ళి ఒక మాట అనడానికి నాకు నోరు రాలేదు.

వారం తర్వాత తరవాతి సమన్లు పట్టుకుని రేవుకెళ్ళాను. గోడవార గంపలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఒకరి ఇంటి కబుర్లు ఇంకొకరు అందుకుంటూ నవ్వుకుంటున్నారు. ఆ చివర నూకాలు. ఆవిడకీ పక్క గంపకీ మధ్య నాలుగు బారల ఖాళీ. ఆ ఖాళీలో ఎవరూ గంప పెట్టరు, కుక్క పడుకునుంది. బోటు దగ్గర చేపల వేలంపాట జరిగేటప్పుడు కూడా ఆవిడ ధర చెబితే వేలం వేసేవాడికి వినబడదు. చివర్లో మిగిలిన చిన్నచేపలు తెచ్చుకుని అమ్ముకుంటోంది. సమన్లు ఇచ్చాను, వేలిముద్ర వేసింది. 

టీకొట్టు దాకా వచ్చేసరికి వెనకనుంచి ఎవరో హెడ్డుగోరూ అని పిలిచారు. జోగమ్మ. చుట్టూ చూసి, కొట్టు వెనక్కి రమ్మంది.

“మొన్న దాన్ని నువ్వు తిట్టిన తిట్లు ఇన్నాను. నువ్వు సేను దున్నుకునే మెట్టోడివి, నీకు తెల్దు,” అంది. “మా ఇళ్ళల్లో మనిసి నీటి మీదుండగా ఆడది బయపడ్డానని నోట అనకూడదు. ఎవులడిగినా నాకు బయమేటి అనాల. లేపోతే గంగమ్మ ఇనేత్తాది. ఆ దినం దాని కొడుకు బోటు మీదున్నాడు.”

ఇదేం పిచ్చి, కోర్టు కంటే ఎక్కువా అన్నాను. జోగమ్మకి కోపం రాలేదు.

“దాని పెనిమిటి ఆకరి ఏటకెల్లిన దినం గాలి లేసింది బాబూ. అది రేవులో నిలబడి, నాకు బయమేత్తందని ఏడ్సింది. మేం అందరం ఇన్నాం. ఆడు రాలేదు.”

తర్వాత అసలు సంగతి చెప్పింది. నూకాలు స్టేషనుకి ఎందుకొచ్చిందో జోగమ్మకి తెలుసు, పక్క గంప తనదే కనక విన్నది. ఆ రోజు ఉదయ్‌కుమార్ వంగి నూకాలు చెవిలో కొడుకు మాట ఎత్తాడట. మీవాడు నీటి మీదున్నాడు, అక్కడేం జరిగినా చూడ్డానికెవరు వస్తారు అన్నాడట. నూకాలు గంపలో ఉన్నదంతా తీసి వాడి చేతిలో పెట్టి, లేచి, తిన్నగా స్టేషనుకొచ్చింది. ఇదే మాట కోర్టులో నువ్వెందుకు చెప్పలేదని జోగమ్మని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడకీ బోటు మీద ఇద్దరు మనవళ్ళున్నారు.

జోగమ్మ వెళ్ళాక తెప్పించుకున్న టీ చల్లారిపోయింది. రామలక్ష్మి ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ నేను మంచం పక్కన కూర్చుని, నాకేం భయం లేదు, రెండ్రోజుల్లో ఇంటికెళ్ళిపోతాం అని చెబుతూనే ఉన్నాను. అది పోయాక కూడా ఎవరితోనూ ఆ రోజుల్లో నేను భయపడ్డానని అనలేదు. అడిగినవాళ్ళు కూడా లేరు. అలాంటిది, నడివరండాలో పదిమంది ముందు నిలబెట్టి ఆ మాట అనమని ఒక మనిషిని తిట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

జ్యోతిర్మయి గారి దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆవిడ విని, పుస్తకం తీసి నాకు చూపించారు. భయం తన ఒంటి కోసమే కానక్కర్లేదు గురునాథరావు గారూ, ఇంకొకరికి హాని జరుగుతుందన్న భయమైనా సెక్షను అదే, కానీ ఆ మాట ఆవిడ నోటితో రావాలి, నేను పెట్టలేను, మీరూ పెట్టలేరు అన్నారు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. బోట్లన్నీ గట్టుకి కట్టేస్తారు. కొడుకు ఇంట్లో ఉంటే నోరు తెరుచుకుంటుంది కదా. బెంచి క్లర్కుని బతిమాలి ఆ వాయిదాని మే నెలకి మార్పించాను. నేనొకరిని బతిమాలడం ఆ కోర్టులో అదే మొదటిసారి, ఆయన కూడా నమ్మలేకపోయాడు.

సంగతి చెప్పడానికి రేవుకెళ్ళి, ఆ ఖాళీలో కుక్కని అదిలించి గొంతుక్కూర్చున్నాను. నాకు తెలిసిందమ్మా, తప్పయిపోయింది అన్నాను. పోలీసువాడి నోట ఆ మాట విని ఆవిడ గాభరా పడింది. వాయిదా నిషేధంలో వేయించానని చెప్పగానే మొహం విచ్చుకుంది.

“ఆడు గట్టు మీదుంటే ఎంతైనా సెప్తాను బాబూ,” అంది.

నా తెలివికి నేనే మురిసిపోయి ఇంటికొచ్చాను. ఆ రోజు ఎదురింటివాళ్ళని పలకరించాను కూడా. మెట్టవాడి తెలివి మెట్టదాకానే పనికొస్తుందని అప్పటికింకా తెలియదు.

మే నెల వచ్చింది. వాయిదా రోజున ఎనిమిదింటికే నూకాలు వరండాలో ఉంది, ఒక్కతే. ఉతికిన చీర, కొంగున ఫోను. నేను హుషారుగా వెళ్ళి, అబ్బాయి ఇంట్లోనేనా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

జనవరి తర్వాత బోటు ఓనరు సింహాద్రిని దింపేశాడట. ఇంకో ఓనరు ఎక్కించుకోలేదట. ఉదయ్‌కుమార్ అందరికీ కబురు పెట్టాడు, కాదనేవాడెవడు? రెండు నెలలు ఖాళీగా తిరిగి, మార్చి ఆఖరున ఊళ్ళోవాళ్ళతో కలిసి గుజరాత్ వెళ్ళిపోయాడు, వెరావలు రేవులో బోటెక్కడానికి. మన సముద్రానికి నిషేధం ఏప్రిల్లో, ఆ సముద్రానికి జూన్‌లో. సముద్రమంతా ఒక్కటే, నిషేధమంతా ఒక్కటే అనుకున్నాను నేను. నాలుగురోజుల కిందటే బోటు కదిలిందట, మళ్ళీ గట్టెక్కడానికి పది పన్నెండు రోజులు పడుతుందట. నడిసముద్రంలో ఫోను పనిచెయ్యదు. ఏ వాయిదా కోసం నేను బతిమాలానో ఆ వాయిదా రోజున వాడు నీటి మీదున్నాడు.

ఇంకో వాయిదా ఇస్తారా అని అడిగింది. ఇవ్వరు, ఆఖరి అవకాశం అని రాసేశారు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తర్వాత, నా జన్మలో ఏ సాక్షితోనూ అనని మాట అన్నాను.

“చెప్పొద్దులే నూకాలమ్మా. కేసు పోతే పోనీ.”

ఆవిడ ఫోను ముడి విప్పి, చూసి, మళ్ళీ కట్టుకుంది.

“ఆడు గుజరాత్ ఎందికెల్లినాడు బాబూ? ఈ ఉదయ్‌కుమార్ రేవులో ఉండబట్టి కదా. నాను ఇప్పుడు సెప్పకపోతే, నా కొడుకు మరెప్పుడూ ఇక్కడి బోటెక్కడు. ఏడాదికి ఒకపాలి సుట్టంలాగ వొచ్చి ఎల్తాడు. నాను ఒక్కదాన్ని ఆ గోడకాడ కూకుని...” అని ఆగిపోయింది. అప్పుడే లోపలినుంచి పేరు పిలిచారు.

ఆ రోజు ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండమ్మా అన్నారు జ్యోతిర్మయి గారు. నూకాలు జడ్జిగారిని చూడలేదు, ఉదయ్‌కుమార్‌ని చూడలేదు. కిటికీ వైపు చూసింది. ఆ కిటికీలోంచి సముద్రం కనబడదు, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు కనబడుతుంది.

“నా గంపలో రెండు వంజరాలున్నాయమ్మా. రెండూ తియ్యమన్నాడు. ఒకటుంచు బాబూ అన్నాను. ఆడు వొంగి నా సెవిలో సెప్పినాడు. మీ సింహాద్రి నీటి మీదున్నాడు కదే, నీళ్ళల్లో ఏటైనా అవ్వొచ్చు, ఎవులు సూడొత్తారు అన్నాడు. నాను గంపలో ఉన్నదంతా తీసి ఇచ్చీసినాను. నా సేత్తోనే ఇచ్చాను.”

“ఎందుకిచ్చారు?”

 నూకాలు బోను కర్రని రెండు చేతులతో పట్టుకుంది. వద్దులే అని నాకు గట్టిగా అరవాలనిపించింది.

“బయపడ్డాను,” అంది. “నాకు బయమేసింది. ఆ దినం ఏసింది, మర్నాడూ ఏసింది, ఇప్పుడూ ఏత్తంది.”

ప్లీడరు లేచాడు. జనవరిలో ఇదే బోనులో భయం లేదన్నారు, ఇవాళ భయపడ్డానంటున్నారు, రెంటిలో ఏది అబద్ధం అని గద్దించాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

“అప్పుడన్నదే అబద్దం బాబూ. మా మనిసి నీటి మీదుండగా బయమని మేం ఒప్పుకోకూడదు. ఇప్పుడూ ఆడు నీటి మీదే ఉన్నాడు. తెలిసే సెప్పినాను.”

ప్లీడరు నోట్సు మూసి కూర్చున్నాడు. జడ్జిగారు ఆ జవాబు ఆవిడ అన్నట్టుగానే రాసుకోమని స్టెనోకి చెప్పారు. బోను దిగి వచ్చి నూకాలు వరండాలో గోడకి జారబడి నేలమీద కూర్చుండిపోయింది. నేను మంచినీళ్ళు తెచ్చాను. తాగలేదు. గెలిచినట్టే అమ్మా అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆవిడ ఫోను వైపే చూస్తోంది.

ఆ రోజునుంచి నాకు కొత్త జబ్బు పట్టుకుంది. ఇలాంటి నమ్మకాలు నాకు లేవు, ఇప్పటికీ లేవు. మాట అంటే సముద్రం వింటుందంటే నవ్వొచ్చే మనిషిని. అయినా సాయంత్రం కోర్టు నుంచి తిన్నగా ఇంటికి పోలేకపోయేవాణ్ణి. దారి కాకపోయినా రేవుకి పోయేవాణ్ణి. నిషేధం కదా, బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి, పచ్చిచేప లేదు. నూకాలు గోడవార ఎండుచేపలు పెట్టుకుని కూర్చునేది. ఒంటిపూట తింటోందని జోగమ్మ చెప్పింది. ఫోనొచ్చిందా అని దూరంనుంచే అడిగేవాణ్ణి, ఆవిడ తల అడ్డంగా ఊపేది. ఊరికే వెళ్ళడం బాగోదని రోజూ పావుకిలో ఎండుచేపలు కొనేవాణ్ణి. నాకు వండటం రాదు, మా ఇల్లంతా వాసన. పన్నెండు రోజులయ్యాయి. పదమూడు, పద్నాలుగు. టీవీలో అరేబియా సముద్రంలో అల్పపీడనం అన్న మాట వినబడితే, వార్తలు చదివే అమ్మాయిని నోరు మూసుకోమని అరిచాను. నాకు భయంగా ఉంది అని పైకే అన్నాను. ఇంట్లో ఎవరున్నారు వినడానికి? మూడేళ్ళ తర్వాత ఆ మాట అనగలిగాను, అన్నాక చాలాసేపు ఏడ్చాను.

పదిహేనో రోజున రేవుకెళితే జోగమ్మ బుట్ట గోడవారలో ఇటు జరిగి ఉంది. నాలుగు బారల ఖాళీలో రెండు బారలే మిగిలింది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, ఊరికే కూర్చున్నారు. కుక్క ఎటో పోయింది.

జడ్జిగారికి బదిలీ వచ్చింది, పోయేలోగా విచారణ అయిన కేసులన్నీ తేల్చేశారు. పదిహేడో రోజున మా కేసులో తీర్పు. ఒకే ఒక్క సాక్షి మాట నమ్మదగ్గదిగా ఉంటే చాలు, పన్నెండు మంది అక్కర్లేదన్నారు. ఉదయ్‌కుమార్‌కి రెండేళ్ళ జైలు, జరిమానా. పై కోర్టుకి వెళతానని వాడు మెట్ల మీద కేకలేశాడు, వెళ్ళనీ. వాణ్ణి వ్యానెక్కించేటప్పుడు ఇస్త్రీ చొక్కా నలిగింది, అది చూసి నా మనసు చల్లబడింది. నూకాలు మాత్రం తీర్పు వినడానికి రాలేదు.

నేను ఆటో కట్టించుకుని రేవుకి పోయాను. గెలిచావమ్మా, రెండేళ్ళు పడింది అన్నాను. జోగమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. గోడవార మిగతావాళ్ళు మెడలు ఇటు తిప్పారు. నూకాలు, అలగా, అంది. ఆవిడ కళ్ళు లోపలికి పోయాయి, పెదవులు పగిలాయి. నాతో కాదు, కొంగున ఉన్న ముడితో మాట్లాడినట్టుంది. రెండేళ్ళు, మూడు వందల ఎనిమిదో సెక్షను, ఇవేవీ ఆ ముడి దాటి లోపలికి పోలేదు.

అప్పుడు మోగింది. ముడి విప్పడానికి ఆవిడ వేళ్ళు ఆడలేదు, జోగమ్మ పళ్ళతో లాగి విప్పింది. పాత ఫోను, గొంతు బయటికే వినబడుతుంది. అమ్మా, నానే, గట్టుకొచ్చినాం, ఇంజను సెడిపోయి లేటయిపోనాది అన్నాడు అవతలివాడు. జోగమ్మ ఫోను చెవి దగ్గర పెడితే నూకాలు ఏడ్చేసింది. వాడు అమ్మా అమ్మా అని రెండుసార్లు పిలిచాడు.

“ఏటమ్మా, ఏడుత్తన్నావేటి? రేపు మళ్ళీ ఎల్లాల, ఇదొక్కటే ఆకరిది. ఇక్కడ ఏట బంద్ అవ్వగానే వొచ్చెత్తాను. ఇంజను సంగతి ఇని బయపడ్డావేటి?”

నూకాలు కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. రెండో చెయ్యి జోగమ్మ మోకాలు పట్టుకునుంది, వదల్లేదు. గొంతు మాత్రం తొణకలేదు.

“నాకు బయమేటిరా,” అంది.